సైకిల్ షాకుల సర్వీసింగ్: ఇంట్లో విప్పాలా, మెకానిక్కి ఇవ్వాలా, చెన్నై పంపాలా?

నెల్లూరు, ఒంగోలు వైపు మౌంటెన్ బైకు తొక్కేవాళ్లకి షాకుల సర్వీసింగ్ దగ్గర నాలుగు దారులున్నాయి. ఇంట్లో విప్పుకోవచ్చు, టూవీలర్ మెకానిక్కి ఇవ్వచ్చు, చెన్నైకో బెంగళూరుకో పంపచ్చు, లేదా ఫోర్కునే (ముందు చక్రాన్ని పట్టుకునే షాకు) మార్చేయచ్చు. వీటిలో ఏది నయమో సైకిల్ ధర చెప్పదు, షాకు లోపల ఏముందో చెబుతుంది. అందుకని పానా చేతికి తీసుకునే ముందు కొన్ని సంగతులు తేల్చుకోవాలి.

## ముందు తేల్చుకోవాల్సినవి

లోపల ఏముంది? ఫోర్కులో మూడు భాగాలు. చక్రాన్ని పట్టుకుని ఉండే కింది గొట్టాలు లోయర్లు. వీటిలో ఒత్తిడి ఉండదు, జారడానికి కాస్త నూనో గ్రీజో ఉంటుంది. బరువు మోసేది స్ప్రింగ్. అది ఉక్కుదైనా కావచ్చు, గాలిదైనా కావచ్చు. కుదుపుని అదుపు చేసేది డ్యాంపర్. అందులో నూనె సన్నని రంధ్రాల గుండా పోతూ వస్తూ ఉంటుంది. ఫోర్కు ఎడమ కాలి (ఎడమవైపు గొట్టం) పైన టోపీ తీస్తే స్కూటర్ ట్యూబుకి ఉండే వాల్వు లాంటిది కనిపిస్తే గాలి ఫోర్కు. ప్లస్, మైనస్ గుర్తులున్న నాబ్ మాత్రమే ఉంటే ఉక్కు స్ప్రింగ్ ఫోర్కు.

లోయర్లు మీరు విప్పచ్చు. గాలి తీసేశాక ఎయిర్ స్ప్రింగ్ కూడా విప్పచ్చు. డ్యాంపర్ జోలికి పోవద్దు. వెనక షాకు డ్యాంపర్లో చాలావాటికి నైట్రోజన్ గ్యాసు నింపి ఉంటుంది. దాన్ని తిరిగి నింపే సాధనం ఇంట్లో ఉండదు, మామూలు షాపులోనూ ఉండదు.

ఎక్కడ తొక్కుతున్నారు? మైపాడు, కోడూరు, కొత్తపట్నం బీచుల ఇసుకలోనా, చీమకుర్తి క్వారీల పక్క గ్రానైట్ పొడిలోనా, రొయ్యల చెరువుల గట్ల మీద ఉప్పు బురదలోనా, లేక పెంచలకోన, ఉదయగిరి వైపు రాతి బాటల్లోనా? ఉప్పుగాలి ఉక్కు గొట్టాల్ని తింటుంది. సన్నటి పొడి సీళ్ల పెదవి కింద చేరి, గ్రీజుతో కలిసి గరుకు కాగితంలా గొట్టాన్ని గీకుతుంది. రాతి బాటల్లో ఎక్కువగా అలిసేది డ్యాంపర్.

ఎన్ని గంటలకి? షాకులు తయారుచేసే రాక్‌షాక్స్ వాళ్లు లోయర్ల సర్వీసు, వెనక షాకు గాలి డబ్బా (గాలి నింపే పై గొట్టం) సర్వీసు 50 గంటలకోసారి చేయమంటారు. ఇంకో కంపెనీ ఫాక్స్ వాళ్లు 125 గంటలకో ఏడాదికో, ఏది ముందొస్తే అప్పుడు పూర్తి సర్వీసు అంటారు. వారాంతంలో 3 గంటలు తొక్కేవాళ్లకి 50 గంటలు నిండటానికి నాలుగు నెలలు పడుతుంది. రోజూ గంటసేపు తారురోడ్డు మీద పోయేవాళ్లకి రెండు నెలల్లోపే నిండుతాయి గానీ, ఆ గంటలు అంత బరువైనవి కావు. ఇసుకలో, ఉప్పు నేలలో తిరిగితే లెక్క సగానికి తగ్గించుకోండి. మన జిల్లాలకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. కాబట్టి గంటలు లెక్కపెట్టే అలవాటు లేనివాళ్లు ఏటా జనవరిలో ఒకసారి లోయర్లు విప్పితే చాలావరకు గట్టెక్కుతారు.

విడిభాగాలు దొరుకుతాయా? సీళ్లు గొట్టం వ్యాసాన్ని బట్టి వస్తాయి: 30, 32, 34, 35, 36 ఎంఎం లాంటివి. కంపెనీ, మోడల్, తయారైన ఏడాది చూసి ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి. చేతికి వచ్చాకే విప్పాలి. విప్పి పెట్టి పార్సిల్ కోసం ఎదురుచూస్తే లోపలికి దుమ్ము చేరుతుంది.

వారంటీ ఉందా? ఉంటే బిల్లు వెనక షరతులు చదవండి. డ్యాంపర్ విప్పితే అది పోతుందనే అనుకోవాలి.

## జబ్బు గుర్తుపట్టడం

విప్పాలన్న ఉత్సాహంలో ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. లక్షణాన్ని బట్టే దారి తేలుతుంది.

మొదట్లో బిగుసుకుని, గట్టిగా నొక్కితే టక్కున కదిలే ఫోర్కుకి లోయర్లలో నూనె ఎండిపోయింది. ఇది ఇంటి పని.

ప్రతి రైడు తర్వాత మెరిసే గొట్టం మీద తడి వలయం మిగులుతోందంటే గొట్టం మీది దుమ్ము తుడిచే వైపర్ సీళ్లు పోయాయి. ఇదీ ఇంటి పనే.

రాత్రి పెట్టిన గాలి పొద్దుటికి తగ్గుతోందా? వాల్వు మీద సబ్బునీళ్లు వేసి చూడండి. బుడగ వస్తే వాల్వు లోపలి పిన్ను బిగించడమో మార్చడమో చేస్తే సరి. బుడగ రాకపోతే ఎయిర్ స్ప్రింగ్ సీళ్లు చూడాలి. గాలి ఉన్నా ఫోర్కు కిందికి లాక్కుపోయినట్టు పొట్టిగా నిలబడితే పిస్టన్ సీలు దాటి గాలి కింది గదిలోకి చేరిందని అర్థం.

రీబౌండ్ నాబ్ (కుంగిన షాకు తిరిగి లేచే వేగాన్ని మార్చేది) తిప్పినా తేడా తెలియకపోతే, నొక్కినప్పుడు లోపల గుచగుచమంటుంటే, ఫోర్కు కుంగకుండా ఆపే లాక్ వేసినా పట్టకపోతే అది డ్యాంపర్ జబ్బు. ఇంట్లో చేసేదేం లేదు.

ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్ని ముందుకీ వెనక్కీ ఊపితే టకటకమంటోందా? వేలు సీలు దగ్గర పెట్టి చూడండి. కదలిక అక్కడ తెలిస్తే లోయర్ల లోపలి బుష్‌లు అరిగాయి. పైన హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) దగ్గర తెలిస్తే షాకు తప్పేం లేదు, హెడ్‌సెట్ బిగించుకోవాలి.

## నాలుగు దారులు పక్కపక్కన

| | ఇంట్లో | టూవీలర్ మెకానిక్ | చెన్నై, బెంగళూరు సర్వీస్ సెంటర్ | ఫోర్కు మార్పు |
|---|---|---|---|---|
| ఉక్కు స్ప్రింగ్ ఫోర్కు | బాగా పనికొస్తుంది | దగ్గరుండి చేయిస్తే పర్లేదు | ఖర్చు దండగ | గొట్టం తుప్పుకి గుంటలు పడితే ఇదే |
| గాలి ఫోర్కు లోయర్లు | బాగా పనికొస్తుంది | వద్దు | భయముంటే పంపండి | అక్కర్లేదు |
| ఫోర్కు డ్యాంపర్ | వద్దు | వద్దే వద్దు | ఇదొక్కటే దారి | పాత మోడలై భాగాలు రాకపోతే |
| వెనక షాకు గాలి డబ్బా | అనుభవం వచ్చాక | వద్దు | సరైనది | అక్కర్లేదు |
| వెనక షాకు కంటి (ఫ్రేముకి బిగించే రంధ్రం) బుష్ | చూడటం వరకే | లేత్ షాపు సాయంతో | సరైనది | అక్కర్లేదు |
| సైకిల్ ఆగిపోయేది | ఒక పూట | ఒక రోజు | వారం నుంచి మూడు వారాలు | ఒక రోజు |

## ఇంట్లో: గాలి ఫోర్కు లోయర్లు

నాలుగింటిలో శ్రమకి తగ్గ ఫలితం ఎక్కువ ఇచ్చేది ఇదే. 10 మి.లీ. నూనెతో ఫోర్కు నడత మారిపోతుంది.

కావలసినవి: 5 ఎంఎం, 2.5 ఎంఎం అలెన్ కీలు, రబ్బరు సుత్తి, షాక్ పంపు, మందుల షాపులో దొరికే 10 మి.లీ. సిరంజి, పోగులు రాలని గుడ్డ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సస్పెన్షన్ గ్రీజు, మీ మోడల్‌కి చెప్పిన నూనె, అడుగు బోల్టులకి కొత్త క్రష్ వాషర్లు, వీలైతే టార్క్ రెంచి (ఎంత బలంతో బిగించామో కొలిచే పానా). ఆల్కహాల్ సెల్‌ఫోన్ రిపేరు షాపులకి సరుకు ఇచ్చేవాళ్ల దగ్గర దొరుకుతుంది. సర్జికల్ స్పిరిట్ కొంటే లేబుల్ చూడండి, కొన్నింటిలో ఆముదం కలుస్తుంది.

ముందు ఇప్పుడున్న గాలి ఎంతో రాసుకోండి. రీబౌండ్ నాబ్ పూర్తిగా బిగిసేదాకా తిప్పుతూ ఎన్ని క్లిక్కులో అదీ రాసుకోండి. చక్రం తీసి, బ్రేకు క్యాలిపర్ విప్పి పక్కకి కట్టేయండి. హైడ్రాలిక్ బ్రేకయితే ప్యాడ్ల మధ్య అట్టముక్క పెట్టండి. ఆ తర్వాత లివర్ నొక్కకూడదు. డిస్కుని అసలు ఆ చుట్టుపక్కలే ఉంచకండి, ఒక్క నూనె చుక్క పడినా ప్యాడ్లు పాడయినట్టే.

గాలి మొత్తం తీసేయండి. వాల్వు పిన్ను నిదానంగా నొక్కుతూ, ఫోర్కుని రెండు మూడుసార్లు ఆడించి మళ్లీ నొక్కండి. ఈ మెట్టు వదిలేసి బోల్టు విప్పడం ప్రమాదం.

కుడికాలి అడుగున రీబౌండ్ నాబ్ తీయండి. రాక్‌షాక్స్ ఫోర్కుల్లో ఎక్కువ వాటికి రెండు వైపులా 5 ఎంఎం అలెన్ బోల్టులే. వాటిని పూర్తిగా తీయకుండా మూడు నాలుగు చుట్లు వదులు చేసి, బోల్టు తల మీద రబ్బరు సుత్తితో కొట్టండి. లోపలి కడ్డీ లోయర్లో బిగుసుకుని ఉంటుంది, ఆ దెబ్బకి వదులుతుంది. ఇనుప సుత్తి వాడితే తల చితికి అలెన్ పట్టదు. ఫాక్స్ ఫోర్కుల్లో నట్లు, వాటి కొలతలు వేరు, మోడల్ పత్రం చూసి సరైన సాకెట్టు తెచ్చుకోవాలి. బోల్టుతో పాటు లోపలి కడ్డీ కూడా తిరుగుతుంటే ఫోర్కుని కిందికి నొక్కి పట్టుకుని విప్పండి.

కింద పళ్లెం పెట్టి లోయర్లు లాగండి. కారే నూనె ఏ రంగులో ఉందో చూడండి. కాస్త నల్లబడితే మామూలే. కాఫీ పాల రంగైతే నీళ్లు చేరాయి. మెరిసే రేణువులు తేలుతుంటే బుష్ గానీ గొట్టం గానీ అరుగుతోంది. ఒక కాలి నుంచి నాలుగు చుక్కలే వస్తే ఆశ్చర్యపోకండి, కొత్త ఫోర్కుల్లో కూడా ఫ్యాక్టరీ నుంచి తక్కువ నూనెతో వచ్చినవి ఉంటాయి.

పుల్లకి గుడ్డ చుట్టి, ఆల్కహాల్‌తో లోయర్ల లోపల అడుగుదాకా తుడవండి. వైపర్ సీలు కింద ఫోమ్ రింగు ఉంటుంది. దాన్ని వేలితో లాగి, ఆల్కహాల్లో పిండి, ఆరాక నూనెలో నానబెట్టి మళ్లీ తొడగండి. గొట్టానికి తడి అందించేది ఆ రింగే. సీళ్ల లోపలి అంచుకి గ్రీజు పల్చగా రాయండి. ఇక్కడ బేరింగులకి వాడే మామూలు లిథియం గ్రీజు వద్దు. అది చిక్కగా ఉండి షాకుని బిగుసుకుపోయేలా చేస్తుంది, దుమ్మునీ పట్టేస్తుంది.

తిరిగి తొడిగేటప్పుడే ఎక్కువమంది చెడగొట్టేది. లోయర్లని వంకరగా తోస్తే సీలు పెదవి లోపలికి మడతపడుతుంది, ఆ తర్వాత మొదటి రైడుకే నూనె కారుతుంది. రెండు గొట్టాల్నీ సమంగా సీళ్లలోకి పంపి, ఒక్కో వైపు పెదవిని వేలితో సర్దుతూ సగం దాకా తోయండి. అడుగు రంధ్రాల్లో కడ్డీలు కనబడక ముందే ఆపాలి. ఇప్పుడు ఫోర్కు అడుగు భాగం పైకి ఉండేలా వాల్చి, సిరంజితో ఒక్కో కాలికి చెప్పినంత నూనె పోయండి. చాలా ట్రైల్ ఫోర్కులకి ఇది కాలికి 10 మి.లీ. దగ్గర ఉంటుంది. మీ మోడల్ పట్టికలో ఉన్న అంకే ఆఖరి మాట. ఎక్కువ పోస్తే మేలనుకోకండి. లోయర్లలో గాలికి చోటు తగ్గి ఫోర్కు పూర్తిగా కుంగదు, ఒత్తిడికి సీళ్లు పైకి లేస్తాయి.

చెప్పిన నూనె దొరక్కపోతే మోటార్‌సైకిల్ ఫోర్క్ ఆయిల్ 15 వెయిట్‌ది లోయర్లకి సరిపోతుంది. అక్కడ దాని పని జారుడు వరకే. డ్యాంపర్లో మాత్రం ఇలాంటి సర్దుబాట్లు చెల్లవు. అక్కడ చిక్కదనం మారితే నడతే మారిపోతుంది.

పూర్తిగా తోసి, కొత్త వాషర్లతో బోల్టులు బిగించండి. రాక్‌షాక్స్‌కి ఇది 7 న్యూటన్ మీటర్ల చుట్టూ ఉంటుంది, అంటే పొట్టి అలెన్‌తో మణికట్టు బలం చాలు. పాత వాషరే వేస్తే బోల్టు పక్కనుంచి నూనె చెమర్చుతుంది. గాలి ఒక్కసారే నింపకండి. సగం కొట్టి పది పదిహేనుసార్లు నిదానంగా ఆడించండి, పైగదీ కిందిగదీ సమమవుతాయి. తర్వాత మిగతాది కొట్టి మళ్లీ ఆడించండి.

సాగ్ (మీ బరువుకి ఫోర్కు కుంగే కొలత) చూసుకోండి. మొత్తం 100 ఎంఎం కుంగగల ఫోర్కు మీద మామూలుగా కూర్చుంటే 20 ఎంఎం దాకా కుంగాలి. కుంగుడు తెలియాలంటే గొట్టానికి రబ్బరు రింగు గానీ ప్లాస్టిక్ ట్యాగ్ గానీ కట్టండి. మే నెలలో ఒక చిన్న చిక్కు ఉంది. తెల్లారి 27 డిగ్రీల్లో 80 పీఎస్‌ఐ పెట్టిన ఫోర్కు, మధ్యాహ్నం 43 డిగ్రీల ఎండకి 85 చూపిస్తుంది. షాకు పాడయిందని అనుకోకండి. ఏ వేళ తొక్కుతారో ఆ వేళే గాలి సరిచూసుకోవాలి.

## ఇంట్లో: ఉక్కు స్ప్రింగ్ ఫోర్కు

మన ఊళ్లలో ఎక్కువ కనిపించేవి ఇవే: సన్‌టూర్ ఎక్స్‌సీటీ, ఎక్స్‌సీఎం లాంటివి, పేరులేనివి ఇంకా బోలెడు. వీటి లోయర్లలో నూనె ఉండదు, గ్రీజే. అడుగున రెండు బోల్టులో నట్లో విప్పితే లోయర్లు చేతికొస్తాయి. గాలి లేదు గనక భయం లేదు. మొదటిసారి విప్పడం నేర్చుకోవాలంటే ఇంతకన్నా మంచి ఫోర్కు లేదు.

ఎండి పసుపుపచ్చగా గట్టిపడ్డ గ్రీజు మొత్తం తీసేయాలి. పాతదాని మీద కొత్తది పూస్తే లాభం లేదు. బుష్‌లకీ సీళ్లకీ మంచి గ్రీజు ధారాళంగా పెట్టండి. స్ప్రింగ్‌కి కూడా పూస్తే తుప్పు ఆగుతుంది, చప్పుడు తగ్గుతుంది. లాక్ ఉన్న మోడళ్లలో ఆ కాల్లోని కాట్రిడ్జి విప్పేది కాదు, చెడితే మొత్తం మార్చడమే.

ఉక్కు గొట్టం మీద తుప్పు పైపైన ఉంటే నూనె గుడ్డతో రుద్దితే పోతుంది. గోరు తగిలేంత గుంటలు పడితే ఎంత గ్రీజు పెట్టినా ఆ గుంటలు సీళ్లని కోస్తూనే ఉంటాయి. గాలి ఫోర్కు మీద రాయి తగిలి పడ్డ ఒక్క చిన్న గాటయితే గోళ్లరంగు చుక్క వేసి, ఆరాక 2000 నంబరు నీటి ఎమెరీ కాగితంతో సమం చేస్తే చాలాకాలం గడుస్తుంది.

## ఇంట్లో: వెనక షాకు

ఇక్కడ ఒత్తిడి ఫోర్కుకంటే చాలా ఎక్కువ, 150 నుంచి 250 పీఎస్‌ఐ దాకా మామూలే. గాలి తీశాక షాకు తిరిగి నిడివికి రాకుండా కుంగిపోయి నిలిచిపోయిందంటే లోపల గాలి చిక్కుకుంది. దాన్ని విప్పకండి, బలవంతంగా లాగకండి. పంపేయండి.

నిడివికి వచ్చిన షాకయితే ఫ్రేము నుంచి తీసి, గాలి డబ్బాని రబ్బరు పట్టీ రెంచితో విప్పచ్చు. కంటి రంధ్రంలో గుడ్డ దూర్చి కట్టుకోండి, డబ్బా ఒక్కసారి ఎగిరినా ముఖానికి తగలదు. తుడిచి, సీళ్ల కిట్టు మొత్తం మార్చి, గ్రీజు రాసి, చెప్పిన కొలత నూనె వేసి బిగించడమే. ఓ-రింగుల్ని స్క్రూడ్రైవర్‌తో గీకి తీయకండి. ప్లాస్టిక్ పుల్లతో తీయాలి, గాడి మీద గీత పడితే గాలి నిలవదు.

చౌక డబుల్ షాక్ సైకిళ్ల వెనకుండే రంగుల స్ప్రింగుకి సర్వీసు అనేదే లేదు. కీళ్ల బోల్టులకి గ్రీజు పెట్టి వదిలేయండి.

## టూవీలర్ మెకానిక్

చేతి నైపుణ్యానికి లోటుండదు. వచ్చిన చిక్కల్లా అలవాటుతోనే. మోటార్‌సైకిల్ ఫోర్కుకి ఒక్కో కాలికి వంద మి.లీ.కి పైనే నూనె పడుతుంది. ఆ లెక్కతో సైకిల్ ఫోర్కు నింపితే అది రాయిలా బిగుసుకుంటుంది. గాలి గన్‌తో బోల్టు బిగిస్తే 7 న్యూటన్ మీటర్ల మర సెకనులో ఊడిపోతుంది. ఇవ్వాల్సి వస్తే నూనె, గ్రీజు మీరే తీసుకెళ్లి, సిరంజిలో కొలిచి చేతికివ్వండి. బిగింపు చేతి కీతోనే అని ముందే చెప్పండి.

లేత్ షాపు మాత్రం నిజంగా అక్కరకొస్తుంది. వెనక షాకు కళ్లలో అరిగిన బుష్ దించి కొత్తది ఎక్కించడానికి ప్రెస్సు కావాలి. సైజు సాకెట్లతో బెంచ్ వైస్‌లో నొక్కినా అయిపోతుంది.

వాటర్ సర్వీసింగ్ షాపులో సైకిల్ ఇస్తే ఆ జెట్టు సీళ్ల మీద పడనివ్వకండి, పొడిని తీసుకెళ్లి లోపల పెడుతుంది. బీచ్ నుంచి వచ్చాక బకెట్ నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. తీర గ్రామాల్లో బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి, చివరిసారి క్యాను నీళ్లతో తుడవండి. గొట్టాల మీద డబ్ల్యూడీ-40 కొట్టకండి, సీళ్ల లోపలి గ్రీజుని కడిగేస్తుంది.

## చెన్నై, బెంగళూరుకి పంపడం

నెల్లూరు వాళ్లకి చెన్నై 175 కిలోమీటర్లే, సొంతంగా తీసుకెళ్లి రావచ్చు. ఒంగోలు, కందుకూరు, మార్కాపురం వాళ్లకి పార్సిలే సులువు. డ్యాంపర్ జబ్బుకీ, గాలి చిక్కుకున్న వెనక షాకుకీ, వారంటీలో ఉన్నదేనికైనా ఇదే సరైనది. వీళ్ల దగ్గర సీళ్లు, నైట్రోజన్, మోడల్ పత్రాలు అన్నీ ఉంటాయి. సైకిల్ ఆగిపోయే రోజులే నష్టం. కాబట్టి ఎక్కువ తొక్కే చలికాలంలో కాకుండా, ఎండలకి ఎలాగూ మూలన పడే మే నెలలో పంపడం తెలివైన పని.

మొత్తం సైకిల్ పంపకండి. ఫోర్కు గానీ షాకు గానీ విడిగా పంపండి. స్టెమ్, స్పేసర్లు, బేరింగులు తీసే వరుస ఫోన్లో ఫోటో తీసుకోండి. గాలి పూర్తిగా తీసి, నూనె కారినా అంటకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టి, గొట్టాలకి బబుల్ కాగితం తొడగండి. చక్రం బిగించే చోట కర్రముక్క అడ్డం పెట్టి కట్టండి, లేకపోతే కాళ్లు ఒకదానివైపు ఒకటి వంగుతాయి. మీ బరువు, పెట్టే గాలి, కనిపించిన లక్షణం కాగితం మీద రాసి పెట్టండి. "సర్వీసు చేయండి" అని మాత్రం రాస్తే సీళ్లు మార్చి పంపేస్తారు, అసలు జబ్బు అలాగే ఉండచ్చు.

## ఎవరికి ఏది

కాలేజీకో ఆఫీసుకో తారురోడ్డు మీద పోయే స్ప్రింగ్ ఫోర్కు సైకిలయితే ఏటా జనవరిలో ఇంట్లో గ్రీజు పెట్టుకోండి, అంతకుమించి ఖర్చు పెట్టకండి.

బీచ్ వెంట తిరిగే గాలి ఫోర్కు వాళ్లు లోయర్ల పని నేర్చుకుని తీరాలి. ఏటా మూడు నాలుగుసార్లు చేయాల్సిన పనికి ప్రతిసారీ పార్సిల్ కట్టడం కుదరదు. టార్క్ రెంచి, షాక్ పంపు మీద పెట్టిన డబ్బు వీళ్లకే ముందు తిరిగొస్తుంది.

వెలుగొండ వైపు రాళ్లలో తొక్కే ఫుల్ సస్పెన్షన్ వాళ్లు లోయర్లు ఇంట్లో, డ్యాంపర్లు ఏటా సర్వీస్ సెంటర్లో చేయించుకోవాలి. వెనక గాలి డబ్బా మొదటిసారి చేసేటప్పుడు ఒకసారి చేసినవాళ్లని పక్కన పెట్టుకోండి.

తుప్పు గుంటలు పడ్డ ఫోర్కు ఉన్నవాళ్లు కొత్తది కొనే ముందు నాలుగు కొలతలు రాసుకోండి. చక్రం సైజు 26, 27.5, 29లో ఏది, స్టీరింగ్ గొట్టం అడుగుదాకా ఒకే లావా కింద వెడల్పు అవుతుందా, ఇరుసు 9 ఎంఎం క్విక్ రిలీజా 15 ఎంఎం థ్రూ యాక్సిలా, పాత ఫోర్కు ట్రావెల్ (మొత్తం కుంగగల నిడివి) ఎంత. ట్రావెల్ పాతదానికంటే 20 ఎంఎం మించి పెంచితే హ్యాండిల్ లేచి, ఫ్రేము తల దగ్గర ఒత్తిడి పెరుగుతుంది. ఇరుసు రకం మారితే ముందు హబ్ కూడా మార్చాల్సి వస్తుంది, ఆ ఖర్చు ఫోర్కు ధరలో కలుపుకునే బేరం చూడండి.